అన్న చూపిన టీ రెక్స్, తమ్ముడు చెప్పిన టీ రెక్స్

స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘జురాసిక్ పార్క్’ మొదలైన కాసేపటికే ఒక కుర్రవాడు నోరు జారతాడు. మాంటానాలో తవ్వకాలు జరుగుతున్న చోట భూమిలో ఉన్న వెలాసిరాప్టర్ అస్థిపంజరం కంప్యూటర్ తెర మీద మసకమసకగా కనిపిస్తుంటే పెద్దవాళ్లంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. వాడికి మాత్రం అందులో భయపడాల్సింది ఏమీ కనిపించదు. పెద్ద టర్కీ కోడిలా ఉందని పైకే అనేస్తాడు. తవ్వకాలు నడిపిస్తున్న శాస్త్రవేత్త డాక్టర్ అలన్ గ్రాంట్ వాడి దగ్గరికి వెళ్లి, జేబులోంచి కొడవలి లాంటి గోరు తీసి, ఆ జంతువు మనిషిని ఎక్కడెక్కడ చీలుస్తుందో వాడి ఒంటి మీదే గాల్లో గీసి చూపిస్తాడు. కుర్రవాడి ముఖం పాలిపోతుంది. హాల్లో ప్రేక్షకులు నవ్వుతారు.

కానీ కుర్రవాడు అన్నదే నిజం. వెలాసిరాప్టర్ ఎముకలు 1923లో మంగోలియాలోని గోబీ ఎడారిలో న్యూయార్క్ మ్యూజియం బృందానికి దొరికాయి. మరుసటి ఏడాది హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బర్న్ దానికి ఆ పేరు పెట్టాడు. పొడవు ఆరడుగులు ఉందన్నమాటే గానీ అందులో ఎక్కువ భాగం తోకే. నిలబడితే దాని నడుము మన మోకాలిని కాస్త దాటుతుంది. బరువు 15, 20 కిలోల మధ్య ఉంటుంది. 2007లో దాని ముంజేతి ఎముక మీద ఈకల మొదళ్లు అతుక్కునే బొడిపెలు బయటపడ్డాయి. సినిమాలో మనిషంత ఎత్తున కనిపించే రాప్టర్‌కు నమూనా మరో జంతువు. అది జాన్ ఆస్ట్రమ్ 1964లో మాంటానాలో కనుగొని 1969లో పేరు పెట్టిన డైనోనికస్. దాన్ని కూడా మరింత పెంచి తెరకెక్కించారు. అసలు వెలాసిరాప్టర్‌ను ఎవరైనా ఒక్క మాటలో చెప్పమంటే ఆ కుర్రవాడి మాట కన్నా దగ్గరగా చెప్పడం కష్టం.

ఈ చిన్న సన్నివేశం నన్ను చాలాకాలంగా వదలడం లేదు. అంతరించిపోయిన వేటజంతువును గురించి నేర్చుకోవాలని వచ్చిన పిల్లవాడికి ఒక కళాకృతి ఏ చోటు ఇస్తుంది? వాడి కళ్లను నమ్ముతుందా, వాడిని బెదిరించి కూర్చోబెడుతుందా? ఈ ప్రశ్నతోనే రెండు కృతులను పక్కపక్కన పెట్టి చూడాలనుకున్నాను. ఒకటి 1993 నాటి ‘జురాసిక్ పార్క్’. రెండోది 2022 మే నెలలో యాపిల్ టీవీ ప్లస్‌లో ఐదు భాగాలుగా వచ్చి, 2023లో మరో ఐదు భాగాలతో కొనసాగిన ‘ప్రీహిస్టారిక్ ప్లానెట్’. రెండింటిలోనూ ప్రధానమైన మృగం ఒకటే, టైరనోసారస్ రెక్స్. పిల్లల భాషలో టీ రెక్స్.

ఈ రెండింటినీ జతచేయడానికి నాకు మరో కారణం కూడా ఉంది. ‘జురాసిక్ పార్క్’లో డైనోసార్లను మళ్లీ పుట్టించి, అతిథులకు చేయి చాపి చూపించే జాన్ హామండ్ పాత్ర వేసింది రిచర్డ్ అటెన్‌బరో. ‘గాంధీ’ సినిమా దర్శకుడిగా ఆయన మనకు బాగా తెలిసినవాడు. సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’లో నటుడిగా కూడా కనిపించాడు. ‘ప్రీహిస్టారిక్ ప్లానెట్’లో అదే మృగాన్ని మనకు వివరించే గొంతు డేవిడ్ అటెన్‌బరోది. రిచర్డ్ 1923లో, డేవిడ్ 1926లో పుట్టారు. సొంత అన్నదమ్ములు. ఒకే మృగాన్ని అన్న తెర మీద నిలబడి చూపించాడు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత తమ్ముడు తెర వెనక నుంచి చెప్పాడు. ఆ చెప్పడం వినడానికి అన్న లేడు, 2014లో కన్నుమూశాడు.

వాళ్ల తండ్రి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్. చిన్నప్పుడు డేవిడ్ ఆ ఊరి చుట్టుపక్కల సున్నపురాళ్లు పగలగొట్టి శిలాజాలు ఏరుకొచ్చేవాడు. ఇంట్లో వాటన్నిటితో ఒక చిన్న మ్యూజియం పెట్టుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నాజీల బారినుంచి తప్పించుకొచ్చిన ఇద్దరు యూదు బాలికలను ఆ కుటుంబం తమ ఇంట్లోనే ఉంచుకుని పెంచింది. వాళ్లలో ఒకామె డేవిడ్‌కు ఒక అంబర్ ముక్క ఇచ్చింది. చెట్టు బంక గట్టిపడి రాయైన ఆ ముక్కలో కోట్ల ఏళ్లనాటి చిన్న పురుగులు ఇరుక్కుని ఉన్నాయి. దాన్ని ఆయన జీవితమంతా దాచుకున్నాడు, 2004లో దాని మీదే ఒక కార్యక్రమం కూడా చేశాడు. ఇక సినిమాలో అన్నగారి చేతికర్ర పిడి చూడండి. అదీ అంబరే. అందులో ఒక దోమ ఉంటుంది. ఆ దోమ కడుపులోని రక్తం నుంచే డైనోసార్లు పుట్టుకొస్తాయి. ఇంట్లో తమ్ముడికి దొరికిన అసలు వస్తువు, కల్పనలో అన్న చేతికి ఆధారమైంది. ఇది కేవలం యాదృచ్ఛికం. కానీ ఈ రెండు కృతుల స్వభావమూ ఇందులో ఉంది. ఒకదానిలో అంబర్ చూసి ఆశ్చర్యపోవడానికి ఉన్నది, ఇంకోదానిలో దాని నుంచి మృగాన్ని బయటికి తీయాలన్న ఆశ ఉంది.

ఇక మృగం తెర మీదికి ఎలా వస్తుందో చూద్దాం.

సినిమాలో టీ రెక్స్ సగానికి దగ్గరపడ్డాక గానీ కనిపించదు. అంతకుముందు దాని ఆవరణ ముందు బండ్లు ఆగితే అది రాదు. కట్టేసిన మేకను ఎరగా పెట్టినా రాదు. రాత్రవుతుంది, వాన మొదలవుతుంది, కరెంటు పోతుంది. అప్పుడు కారులో ఉన్న గ్లాసులో నీళ్లు వలయాలు వలయాలుగా కదులుతాయి. అదెలా చేశారో ఇప్పుడు అందరికీ తెలుసు. కారు ముందు భాగం కింద గిటారు తీగ కట్టి మీటారు. తెలిసినా ఆ వలయాలను చూసినప్పుడు గుండె ఒకసారి ఆగుతుంది. ఆ తర్వాత వచ్చే దాడి మొత్తంలో సంగీతం లేదు. జాన్ విలియమ్స్ అంతటి సంగీతదర్శకుడు ఉండి కూడా స్పీల్‌బర్గ్ అక్కడ వాద్యాలను మూయించాడు. వాన చప్పుడు, ఇనుము వంగే చప్పుడు, పిల్లల అరుపులు, ఏనుగు పిల్ల, పులి, మొసలి గొంతులను కలిపి గ్యారీ రైడ్‌స్ట్రామ్ తయారుచేసిన ఆ గర్జన, అంతే. మృగం కంటిపాప టార్చిలైటు వెలుగుకు చిన్నదవుతుంది. కారు పైకప్పు గాజు పిల్లల మీదికి ఒరిగితే ఆ పిల్లలు రెండు చేతులతో దాన్ని ఆపుతారు. వేటజంతువు ఎంత పెద్దదో కొలవడానికి ప్రేక్షకుడికి ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు.

ఆ దృశ్యంలో బరువు ఉందంటే అక్కడ నిజంగానే బరువైనదేదో ఉంది. స్టాన్ విన్‌స్టన్ బృందం నిలువెత్తు యంత్ర టీ రెక్స్‌ను కట్టింది. బరువు నాలుగు టన్నుల పైమాటే. వాన సన్నివేశాల్లో దాని ఫోమ్ చర్మం నీళ్లు పీల్చుకుని బరువెక్కి యంత్రం వణకడం మొదలుపెడితే, పనివాళ్లు షాట్ల మధ్య తువ్వాళ్లు తెచ్చి దాన్ని తుడిచేవారు. కంప్యూటర్ బొమ్మలు అవసరమైన చోట మాత్రమే వచ్చాయి. 127 నిమిషాల సినిమాలో డైనోసార్లు తెరమీద ఉండేది మొత్తం పావుగంట. మిగిలిన సమయమంతా వాటి కోసం ఎదురుచూడటమే. దర్శకుడిగా స్పీల్‌బర్గ్ గొప్పతనం ఆ లెక్కలోనే ఉంది.

‘ప్రీహిస్టారిక్ ప్లానెట్’లో ఎదురుచూపు లేదు. మొదటి భాగం ‘తీరాలు’ మొదలవ్వగానే సముద్రం. నీళ్లలో ఏదో ఈదుతోంది. అది టీ రెక్స్. వెంట దాని పిల్లలు కూడా ఈదుతున్నాయి. పెద్దది తల్లి కాదు, తండ్రి. ఒక ద్వీపం వైపు పిల్లలను తీసుకుపోతోంది. దారిలో నీటి అడుగు నుంచి మోసాసార్ అనే పెద్ద సముద్ర సరీసృపం వచ్చి ఒక పిల్లను ఎత్తుకుపోతుంది. ఒడ్డుకు చేరాక తండ్రికి చచ్చిపడిన తాబేలు దొరుకుతుంది. పిల్లలు ఇసుకలో పాకుతున్న తాబేలు పిల్లల వెంటపడి ఎలా పట్టాలో తంటాలు పడతాయి.

నిజం చెప్పాలంటే మొదటిసారి ఈ దృశ్యం చూసినప్పుడు నాకు స్పీల్‌బర్గ్ మృగం మీద కోపం వచ్చింది. అన్నేళ్లుగా మనం నమ్మిన టీ రెక్స్‌కు ఆకలి తప్ప జీవితం లేదు. దానికి ఈడు లేదు, బిడ్డ లేదు, దెబ్బ లేదు, ఓటమి లేదు. సినిమాలో అది నిజానికి కథకుడి చేతిలో ఆయుధం. పిల్లలను వదిలేసి పారిపోయి మరుగుదొడ్డిలో దాక్కున్న లాయరును శిక్షిస్తుంది. చివరిలో రాప్టర్లు చుట్టుముట్టినప్పుడు, అడుగుల చప్పుడే లేకుండా హాల్లోకి వచ్చి మనవాళ్లను కాపాడుతుంది. గ్లాసులో నీటిని కదిలించే ఏడెనిమిది టన్నుల జంతువు ఆ గచ్చు మీద చప్పుడు లేకుండా ఎలా వచ్చిందని ఏ పిల్లవాడైనా అడుగుతాడు. సమాధానం ఒక్కటే: కథకు కావాలి కాబట్టి వచ్చింది. రెండు గంటల కథకు అది సరిపోతుంది, జంతువుకు సరిపోదు.

సిరీస్‌లోని టీ రెక్స్ వేరు. మూడో భాగం ‘మంచినీళ్లు’లో ఒక ముసలి మగది కనిపిస్తుంది. ట్రైసెరటాప్స్‌ను చంపింది గానీ ఆ పోరాటంలో ఒళ్లంతా గాయాలు. నది దగ్గర గాయాలు కడుక్కుంటుంటే అవతల ఒక ఆడది ఎదురవుతుంది. పోట్లాడతాయనుకుంటాం. అవి మూతులు ఆనించుకుంటాయి. 2023లో వచ్చిన రెండో విడత చివరి భాగంలో మరో దృశ్యం ఉంది. అలమోసారస్ కళేబరం దగ్గర టీ రెక్స్ తింటుండగా ఆకాశం నుంచి రెండు కెట్జాల్‌కోట్లస్‌లు దిగుతాయి. ఇవి నిలబడితే జిరాఫీ అంత ఎత్తుండే ఎగిరే సరీసృపాలు. అవి రెండూ పొడిచి పొడిచి చివరికి టీ రెక్స్‌నే అక్కడినుంచి తరిమేస్తాయి. వేటజంతువు కూడా వెనక్కి తగ్గుతుందని, లెక్క వేసుకుని లాభం లేదనుకుంటే తిండి వదిలి వెళ్లిపోతుందని ఒక పిల్లవాడికి నేర్పాలంటే ఈ ఐదు నిమిషాలు చాలు. అడవిలో పులిని, తోడేలును గమనించినవాళ్లు చెప్పేదీ ఇదే. వేటలో ఎక్కువ భాగం విఫలమే.

శరీరం విషయానికి వస్తే పోటీయే లేదు. సినిమాకు కొంత న్యాయం చేయాలి. అంతకుముందు మ్యూజియాల్లో టీ రెక్స్ తోక నేలకానించి నిటారుగా నిలబడేది. తోకను గాల్లో పెట్టి, ఒళ్లంతా నేలకు సమాంతరంగా వంచి, త్రాసులా నడిచే మృగాన్ని కోట్లమంది మొదటిసారి చూసింది ఈ సినిమాలోనే. దీనికి సలహాదారుగా ఉన్న జాక్ హార్నర్‌కు అందులో వాటా ఉంది. కానీ మిగతావి నిలవలేదు. కదలకుండా నిలబడితే అది చూడలేదని గ్రాంట్ పిల్లలకు చెప్పేది పూర్తిగా తప్పు. 2006లో కెంట్ స్టీవెన్స్ పుర్రె కొలతలతో లెక్కవేసి, దాని రెండు కళ్ల చూపు కలిసే మేర 55 డిగ్రీలని తేల్చాడు. అది డేగ కన్నా మెరుగు. జీపు వెంట పరుగెత్తడం కూడా జరిగే పని కాదు. 2002లో హచిన్సన్, గార్సియా చేసిన లెక్క ప్రకారం ఆ బరువును వేగంగా పరుగెత్తించాలంటే కాళ్లలో ఉండాల్సినంత కండ ఏ జంతువుకూ ఉండదు. పేరు కూడా తప్పే. జురాసిక్ యుగం ముగిసింది 14.5 కోట్ల ఏళ్ల క్రితం. టీ రెక్స్ బతికింది క్రెటేషియస్ చివరిలో, 6.8 నుంచి 6.6 కోట్ల ఏళ్ల మధ్య.

సిరీస్‌కు ప్రధాన శాస్త్రీయ సలహాదారు డారెన్ నైష్ అనే పురాజీవ శాస్త్రవేత్త. అందుకే వివరాలు లోతుగా ఉన్నాయి. పిల్లలకు నూగు ఉంది, పెద్దదానికి పొలుసులు ఎక్కువ. 2017లో అచ్చయిన చర్మపు ముద్రల అధ్యయనం టీ రెక్స్ ఒంటి మీద పొలుసులే చూపించింది. నోరు మూస్తే పళ్లు పెదవుల వెనక దాగుతాయి. ఆ పెదవుల మాటను బలపరిచే పెద్ద అధ్యయనం ‘సైన్స్’ పత్రికలో వచ్చింది 2023లో, సిరీస్ వచ్చిన ఏడాదికి. మూతులు ఆనించుకునే దృశ్యానికీ ఆధారం లేకపోలేదు. 2017లో థామస్ కార్ బృందం టీ రెక్స్‌కు దగ్గరి చుట్టమైన డాస్ప్లెటోసారస్ ముఖపు ఎముకల్లోని సన్నని రంధ్రాలను చూసి, దాని మూతికి స్పర్శ చాలా ఎక్కువని వాదించింది. ఎముకలోని రంధ్రం నుంచి ప్రేమ దృశ్యం దాకా వెళ్లడం చిన్న ప్రయాణం కాదు. కానీ దారి ఉంది.

అసలు తగవు ఇక్కడే మొదలవుతుంది.

తండ్రి టీ రెక్స్ పిల్లలను సముద్రం దాటించడానికి ఏ ఎముక సాక్ష్యం ఉంది? టీ రెక్స్ గుడ్డు గానీ గూడు గానీ ఇప్పటిదాకా దొరకలేదు. మగవి గుడ్లు పొదిగేవనడానికి ఆధారాలున్నది ఓవిరాప్టర్, ట్రూడాన్ జాతుల విషయంలో, టీ రెక్స్ విషయంలో కాదు. ఈత సాధ్యమే. స్పెయిన్‌లో నీళ్లలో కాలివేళ్లతో అడుగు గీరుకుంటూ పోయిన మరో మాంసాహార డైనోసార్ జాడలు దొరికాయి. ఇవన్నీ కలిపితే ఒక అందమైన ఊహ అవుతుంది, తప్పేమీ కాదు. కానీ ఆ ఊహను మనకు చెప్పే గొంతు డేవిడ్ అటెన్‌బరోది. 1954 నుంచి ఆ గొంతు నిజమైన కోతులను, నిజమైన తిమింగలాలను చూపించి చెప్పింది. అది ఏది చెబితే అది ఎవరో కెమెరాతో తీసిందే అని మూడు తరాలకు నమ్మకం. సిరీస్ ఆ నమ్మకాన్ని పూర్తిగా వాడుకుంది. కెమెరా చేతిలో వణికినట్టు వణుకుతుంది, దూరపు లెన్స్ ఫోకస్ వెతుక్కుంటుంది, హాన్స్ జిమ్మర్ బృందం సంగీతం ప్రతి భావాన్నీ ముందే చెప్పేస్తుంది. ఎక్కడా ఒక్క ‘బహుశా’ వినపడదు. ‘ఇక్కడి దాకా ఎముక, ఇక్కడి నుంచి మా ఊహ’ అని గీత గీసిన చోటు లేదు. ఆధారాలు వివరించే చిన్న వీడియోలు చేసిన మాట నిజం. వాటిని ఇష్టంగా చూశాను కూడా. కానీ అవి కథకు వెలుపల ఉన్నాయి. కథ లోపల సందేహానికి చోటు లేదు, ప్రశ్న అడిగే పిల్లవాడూ లేడు.

సినిమాలో ఆ గీత ఉంది. పార్కు శాస్త్రవేత్త డాక్టర్ వూ ల్యాబ్‌లో డీఎన్ఏ ముక్కలు సరిపోక ఖాళీలను కప్ప డీఎన్ఏతో పూరించారు. ఈ మాట కథలోనే, అందరికీ వినిపించేలా, కార్టూన్ బొమ్మ చేత చెప్పించారు. ఇది అసలు టీ రెక్స్ కాదు, అతుకులేసిన టీ రెక్స్ అని సినిమా తన నోటితోనే చెప్పింది. అంతకన్నా ముఖ్యమైంది ఐస్‌క్రీమ్ సన్నివేశం. పార్కు మొత్తం కూలిపోయాక హామండ్ ఒంటరిగా కూర్చుని, కరిగిపోతున్న ఐస్‌క్రీమ్ తింటూ, తన మొదటి ప్రదర్శన గురించి గ్రాంట్ సహచరి ఎల్లీకి చెబుతాడు. లండన్‌లో ఫ్లీ అనే చిన్న పురుగుల సర్కస్ నడిపేవాడట. నిజానికి అందులో పురుగులు లేవు, అంతా యంత్రాలే. అయినా పిల్లలు పురుగులను చూశామనేవారు. ఈసారి భ్రమ కాకుండా చూసి, తాకగలిగినదాన్ని చూపించాలనుకున్నానంటాడు. ఇది కూడా ఆ సర్కసే అని ఎల్లీ మెల్లగా చెబుతుంది. రిచర్డ్ అటెన్‌బరో నటజీవితంలోనే ఇది మేటి సన్నివేశమని నా అభిప్రాయం. లేని పురుగుల గురించి చెబుతున్న ఆ ముసలాయన ముఖంలో గర్వమూ సిగ్గూ రెండూ ఉన్నాయి. తన మృగం ఒక ఏర్పాటు అని ఒప్పుకున్న ఆ ధైర్యం, అంతకన్నా ఎంతో నిజమైన మృగాన్ని చేసిన సిరీస్‌కు లేదు. ఈ ఒక్క విషయంలో తమ్ముడి కన్నా అన్న నిజాయితీపరుడు.

పిల్లల విషయంలోనూ సినిమా తన మొదటి తప్పును తానే కొంత దిద్దుకుంటుంది. హామండ్ మనవడు టిమ్, గ్రాంట్ పుస్తకం చదివాడు, బాకర్ అనే మరో శాస్త్రవేత్త పుస్తకమూ చదివాడు. గ్రాంట్ తప్పించుకు తిరుగుతున్నా వెంటపడి ప్రశ్నలు వేస్తాడు. మొదటి సన్నివేశంలో పిల్లవాడిని బెదిరించిన మనిషే తర్వాత ఇద్దరు పిల్లలను చెట్టుకొమ్మ మీద రెండు పక్కలా పడుకోబెట్టుకుని, మెడ చాచి ఆకులు తినే బ్రాకియోసారస్‌ను చూపిస్తాడు. మృగం కథలో లేని ఎదుగుదల ఇక్కడ ఉంది.

పిల్లల కళ్లను నమ్మడం గురించిన మాట కాబట్టి, లెస్టర్ దగ్గరే జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆ ఊరి శివారులోని చార్న్‌వుడ్ అడవి రాళ్లు చాలా పాతవి. వాటిలో శిలాజాలు ఉండవని అందరూ అనుకునేవారు. చిన్నప్పుడు శిలాజాల కోసం తిరిగిన డేవిడ్ కూడా అందుకే అటువైపు చూడలేదని తర్వాత చెప్పుకున్నాడు. 1956లో ఒక బడి అమ్మాయి అక్కడి రాతి మీద ఆకులాంటి ముద్ర చూసింది. అంత పాత రాళ్లలో శిలాజాలు ఉండవని టీచరు కొట్టిపారేశారు. మరుసటి ఏడాది రోజర్ మేసన్ అనే విద్యార్థి అదే చూశాడు, ఈసారి పెద్దలు నమ్మారు. దానికి చార్నియా మేసోనీ అని పేరు పెట్టారు. 2022లో అదే అడవి రాళ్ల నుంచి మరో జీవిని వర్ణించారు. అది 56 కోట్ల ఏళ్లనాటి, జెల్లీచేపల దగ్గరి చుట్టం. టెంటకిల్స్‌తో నీటిలోని సన్న జీవులను పట్టి తినేదని భావిస్తున్నారు. ఇప్పటికి తెలిసినంతలో అన్నిటికన్నా పాత వేటజంతువుల్లో అదొకటి. దాని పేరు ఆరోరాలుమినా అటెన్‌బరోయీ. తమ్ముడి గౌరవార్థం పెట్టిన పేరు అది.

అదే ఏడాది జులైలో అమెరికాలోని నార్త్ డకోటాలో, మార్మర్త్ దగ్గరి హెల్ క్రీక్ రాళ్లలో ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల చుట్టం పిల్లవాడు నడుస్తుండగా ఒక ఎముక కనిపించింది. వాళ్ల వయసులు ఏడు, తొమ్మిది, పది. వాళ్ల నాన్న ఫొటో తీసి, తనతో బడిలో చదివిన టైలర్ లైసన్‌కు పంపాడు. లైసన్ అప్పటికి డెన్వర్ మ్యూజియంలో పురాజీవ శాస్త్రవేత్త. మరుసటి వేసవిలో తవ్వుతున్నప్పుడు మొదట అందరూ అది బాతుముక్కు డైనోసార్ అనుకున్నారు. తర్వాత పళ్లతో ఉన్న దవడ బయటపడింది. ఈడురాని టీ రెక్స్ అని, చనిపోయేనాటికి వయసు 13, 15 ఏళ్ల మధ్య ఉంటుందని 2024 జూన్‌లో మ్యూజియం ప్రకటించింది. ప్లాస్టర్ కట్టిన ఆ రాతిముద్దను హెలికాప్టర్‌తో ఎత్తి తీసుకుపోయారు. ఈ తవ్వకం మీద తీసిన పెద్దతెర డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం చెప్పింది శామ్ నీల్. ‘జురాసిక్ పార్క్’లో అలన్ గ్రాంట్ ఆయనే. పిల్లలే ముందు చూసిన మృగం గురించి పిల్లలకు చెప్పే పని ఆయన గొంతుకు దక్కింది. ఈ రెండు కృతులకూ దొరకని మూడో దారి ఇదే అనిపిస్తుంది నాకు. నడిచేవాడు, చూసేవాడు, తప్పు అనుకోవడం, దవడ దొరికాక సరిదిద్దుకోవడం, అన్నీ ఇందులో కథలోనే ఉన్నాయి.

నా తీర్పు ఇది. జంతువుగా ‘ప్రీహిస్టారిక్ ప్లానెట్’ టీ రెక్స్ ముందు ‘జురాసిక్ పార్క్’ టీ రెక్స్ నిలవదు. కళగా చూస్తే వానలో ఆ కారు సన్నివేశానికి సిరీస్‌లో సాటివచ్చేది లేదు. ముఖ్యంగా మనిషి లేని ఆ ప్రపంచంలో మృగం పరిమాణమే మనకు అందదు. నేర్చుకునే పిల్లవాడి వైపు నుంచి చూస్తే మాత్రం నేను సినిమా వైపే మొగ్గుతాను. అది తప్పులు చెప్పింది, కానీ వాదించడానికి చోటిచ్చింది. సిరీస్ ఒప్పులే చెప్పింది, కానీ చెప్పేసింది.

అలాంటి చోటు మన దగ్గరా ఉంది. హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లిన పిల్లలు అక్కడ కోటాసారస్ అస్థిపంజరాన్ని చూస్తారు. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలవి. పి.యాదగిరి 1988లో దాన్ని వర్ణించారు. శాకాహారి. అసలైన జురాసిక్ జంతువు. నిలబెట్టిన ఆ అస్థిపంజరం ఒక్క జంతువుది కాదు, కనీసం పన్నెండు జంతువుల ఎముకలను కలిపి కూర్చినది. కొన్ని పళ్లు తప్ప దాని పుర్రె దొరకలేదు. కాబట్టి మనం చూసే తల దొరికిన తల కాదు. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు ఆ తలను రెట్టింపు ఆసక్తితో చూస్తాడు. దాని దగ్గర నిలబడి అడగాల్సిన మొదటి ప్రశ్న వాడికి దొరుకుతుంది.

తెలుగులో పిల్లల కోసం డైనోసార్ పుస్తకాలు రాస్తున్నవారికి, బొమ్మలు వేస్తున్నవారికి, బడుల్లో పాఠం చెబుతున్నవారికి నాదొక విన్నపం. బొమ్మ ఎంత అందంగా ఉన్నా సరే, దాని కింద రెండు ముక్కలు రాయండి. ఇందులో దొరికిన ఎముకలు ఏవి, మనం ఊహించి వేసినవి ఏవి. రంగు ఊహ అయితే ఊహ అనండి, ఈక ఆధారం ఉన్నదైతే ఆ ఆధారం ఎక్కడ దొరికిందో చెప్పండి. అది చదివి ఏ కుర్రవాడైనా ఇదేదో టర్కీ కోడిలా ఉందంటే, వాడిని బెదిరించకండి. ఎందుకలా అనిపించిందో వాడినే అడగండి.